దూరాన ఉన్న మోటారుకు సొంత బుద్ధి

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలోకి అడుగుపెట్టిన ఎలక్ట్రానిక్స్ సరదారాయుడు ముందుగా కొనేది బోర్డు. ఆ తర్వాత రిలే, రంగురంగుల జంపర్ వైర్లు, చేతిలో ఇంకొంచెం డబ్బు మిగిలితే చిన్న డిస్‌ప్లే. చివరిదాకా కొననిది వాననీరు దూరని డబ్బా. ఇంటికొచ్చిన రాత్రే ఎల్‌ఈడీ మిణుకుమంటుంది, ఫోన్లో నొక్కితే రిలే టక్కుమంటుంది, ఇంట్లోవాళ్లందరికీ చూపించడం కూడా అయిపోతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ బోర్డు సొరుగులో పాత చార్జర్ల పక్కన పడి ఉంటుంది. ఊళ్లో మోటారు మాత్రం ఎప్పటిలాగే పక్కపొలం రైతుకు ఫోన్ చేసి బతిమాలితేనే ఆగుతుంది.

సామాను దొరక్క ఇలా జరగడం లేదు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో డిజైన్ విద్యార్థుల కోసం ఆర్డుయినో పుట్టింది. చైనా సంస్థ ఎస్ప్రెసిఫ్ 2014లో వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 చిప్‌ను, 2016లో ఈఎస్‌పీ32ను మార్కెట్లోకి తెచ్చింది. ఒకప్పుడు పరిశోధనశాలల్లో మాత్రమే అయ్యే పని ఇప్పుడు కొన్ని వందల రూపాయల బోర్డుతో అవుతోంది. లోటంతా ప్రణాళికలోనే.

ఫోన్లో నొక్కగానే మోటారు తిరగడం ఈ పనిలో సులువైన సగం. సిగ్నల్ లేనప్పుడు, కరెంటు పోయినప్పుడు, ప్రోగ్రాం బిగుసుకుపోయినప్పుడు అవతలి యంత్రం ఏం చేయాలన్నది రెండో సగం. ఆ రెండో సగాన్ని బోర్డు కొనకముందే కాగితం మీద రాసుకున్నవారి ప్రాజెక్టు పొలం దాకా చేరుతుంది. ఈ అధ్యాయం ఆ కాగితాన్ని ఎలా నింపాలో చెబుతుంది. ఉదాహరణగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనిషిని, ఊళ్లో ఆయన మామిడి తోటను, అందులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ దింపిన బోరును తీసుకుందాం.

ముందు ప్రశ్న, తర్వాత సెన్సర్

1980ల మొదట్లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఒక కోక్ మిషన్ ఉండేది. గదులు దూరం. అంత దూరం నడిచి వెళ్తే ఒక్కోసారి సీసాలు అయిపోయి ఉండేవి, ఒక్కోసారి అప్పుడే నింపినవి వెచ్చగా తగిలేవి. అక్కడివాళ్లు మిషన్ లోపలి యంత్రాంగం జోలికి పోలేదు. దాని మీద వెలిగే లైట్లకు తీగలు కలిపి కంప్యూటర్‌కు చేర్చారు. సీసా కొన్నప్పుడు ఆ వరుస లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరేది. వరుస ఖాళీ అయితే నింపేదాకా వెలుగుతూనే ఉండేది. నింపిన తర్వాత మూడు గంటలు గడిస్తే ప్రోగ్రాం ఆ సీసాను చల్లబడినట్టు లెక్కవేసేది. థర్మామీటరు అవసరమే రాలేదు.

ఆ పని నిలబడటానికి కారణం ప్రశ్న ఒక్కటే కావడం: ఇప్పుడు నడిచి వెళ్తే చల్లటి సీసా దొరుకుతుందా? తోట యజమాని కూడా కాగితం తీసుకుని ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు ఆ జవాబుతో తాను తీసుకోబోయే నిర్ణయాలు రాయాలి. మూడు ఫేజులూ వచ్చాయా? రాకపోతే మోటారు వేయకూడదు. మోటారు నిజంగా నడుస్తోందా? లేకపోతే మళ్లీ వేయాలి, లేదా ఎవరినైనా పంపాలి. పైపులో నీళ్లు పడుతున్నాయా? పడకపోతే వెంటనే ఆపాలి. కుడివైపు ఏమీ రాయలేని ప్రశ్నను కొట్టేయాలి. గాలిలో తేమ కొలిచే సెన్సర్ సొరుగులో ఉంది కాబట్టి దాన్నీ తగిలిద్దామన్న ఆలోచన సాధారణంగా ఇక్కడే రాలిపోతుంది.

అదే కాగితం మీద ఇంకో ప్రశ్నకు కూడా నిజాయితీగా జవాబు రాయాలి: ఇది బజారులో దొరకదా? పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ అనే మొబైల్ పరికరం 2009లో నోకియా అంతర్జాతీయ పోటీలో బహుమతి గెలిచింది. బెంగళూరు సంస్థ విన్‌ఫినెట్ కిసాన్ రాజా పేరుతో ఇలాంటిదే అమ్మింది. ఇప్పుడు మోటార్లు అమ్మే దుకాణాల్లో మొబైల్ స్టార్టర్లు దొరుకుతున్నాయి. ఫోన్‌తో మోటారు వేయడం, ఆపడం మాత్రమే కావాలంటే కొనుక్కోవడమే తెలివైన పని. నేర్చుకోవడం కోసమో, దుకాణపు పెట్టె చేయని పని ఏదైనా కావాలనో చేస్తుంటే ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో కాగితం పైభాగాన రాయాలి. మధ్యలో ఉత్సాహం తగ్గినప్పుడు ఏది ఉంచాలో, ఏది వదలాలో ఆ వాక్యమే తేలుస్తుంది.

చూడటం మొదటి దశ, నడపడం రెండో దశ

మొదటి దశలో బోర్డు దేన్నీ ఆన్ చేయదు, ఆఫ్ చేయదు. చూసి చెబుతుంది, అంతే. కనీసం కొన్ని వారాలు ఈ దశలోనే ఉండాలి. ఎందుకో మోటారు కరెంటు లెక్క చూస్తే అర్థమవుతుంది. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఫేజుకు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకోవచ్చు. సబ్‌మెర్సిబుల్ అయితే పది దాకా పోవచ్చు. బోరులో నీళ్లు తగ్గిపోయి పంపు గాలి పీలిస్తే పని తేలికై కరెంటు పడిపోతుంది. ఎంతకు పడిపోతే డ్రై రన్ అనుకోవాలి? ఆ అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ మోటారు, ఆ బోరు, ఆ లైన్ వోల్టేజి మూడూ కలిసి ఇచ్చే అంకె అది. లో వోల్టేజి ఉన్న సాయంత్రం ఒకలా, తెల్లవారుజామున ఒకలా ఉంటుంది. నమోదు చేసిన రోజులు లేకుండా పెట్టిన హద్దు గుడ్డి హద్దే అవుతుంది.

కరెంటు కొలవడానికి ఎస్‌సీటీ013 లాంటి క్లాంప్ సెన్సర్ మేలు. తీగ కోయాల్సిన పని లేదు, బిగిస్తే చాలు. అయితే ఒక్క తీగ మీదే బిగించాలి. మూడు ఫేజుల తీగలనూ కలిపి బిగిస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. మొదటిసారి వాడేవారు సెన్సర్ పాడైందనుకునేది ఇక్కడే.

ఫేజులు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చాలామంది చేసే పని, ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒక పాత మొబైల్ చార్జర్ పెట్టి దాని 5 వోల్టులను చదవడం. చార్జరే 230 వోల్టులకూ బోర్డుకూ మధ్య అడ్డుగోడ అవుతుంది కాబట్టి పద్ధతి మంచిదే. దీనికి రెండు పరిమితులున్నాయి. పొలాల్లో చాలా స్టార్టర్ డబ్బాలకు న్యూట్రల్ రాదు, అక్కడ ఇది కుదరదు. ఇక మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, తిరుగుతున్న మోటారే ఆ ఖాళీ తీగలో కొంత వోల్టేజి పుట్టిస్తుంది. చార్జర్ వెలుగుతూనే ఉంటుంది, వైండింగ్ మాత్రం కాలుతుంటుంది. అందుకే మోటారు నడిచేటప్పుడు నమ్మాల్సింది వోల్టేజిని కాదు, ప్రతి ఫేజులో పారే కరెంటును. ఒక ఫేజు పోతే మోటారును ఆపేందుకు దుకాణంలో దొరికే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను తీసేయకుండా దాని కాంటాక్టును చదువుకోవడం ఇంకా మంచిది.

ఇంటి మీది ట్యాంకు విషయంలో చిక్కులు వేరు. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా కొలుస్తుందని కాగితం చెబుతుంది. కానీ ట్యాంకు మూత కింద రోజూ పట్టే ఆవిరికి అది ఎక్కువకాలం తట్టుకోదు. నీటికి ఓర్చే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ తెస్తే, సుమారు పాతిక సెంటీమీటర్ల కంటే దగ్గరున్న నీటిని అది చూడలేదు. ట్యాంకు నిండబోయే ఆఖరి పాతిక సెంటీమీటర్లే ముఖ్యమైనవి కదా! అందుకే సెన్సర్‌ను కొంత ఎత్తులో బిగించాలి, లేదా నిండిన సంగతి చెప్పే పనిని మామూలు ఫ్లోట్ స్విచ్‌కు అప్పజెప్పాలి.

వార్త ఆగిపోతే ఏం జరగాలి?

1994 జనవరిలో అమెరికా ప్రయోగించిన క్లెమెంటైన్ నౌక చంద్రుడి పటం గీసి, గ్రహశకలం జియోగ్రాఫోస్ వైపు బయల్దేరింది. మే 7న దాని కంప్యూటర్‌లో లోపం వచ్చి ఒక థ్రస్టర్ మండటం మొదలుపెట్టింది. ఇంధనమంతా అయిపోయేదాకా ఆగలేదు. చివరికి నౌక నిమిషానికి సుమారు 80 చుట్ల వేగంతో గిర్రున తిరుగుతూ మిగిలింది. గ్రహశకలం దగ్గరికి వెళ్లే కార్యక్రమం అక్కడితో సరి.

తోటలో దీని రూపం తేలిగ్గా ఊహించవచ్చు. ప్రోగ్రాం బిగుసుకుపోయిన క్షణంలో రిలే పిన్ ఆన్‌లో ఉంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. ఫోన్లో ఎంత నొక్కినా వినే నాథుడుండడు. కాబట్టి కాగితం మీద అతి ముఖ్యమైన గడి ఇది: బోర్డు చచ్చిపోతే యంత్రం ఏ స్థితిలో ఉండాలి?

జవాబు యంత్రాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో వైఫై రూటర్ తరచూ బిగుసుకుపోతుంటే, ఇంటర్నెట్ అందనప్పుడు దాని కరెంటు పది సెకన్లు తీసి ఇచ్చే చిన్న బోర్డు చాలామంది తయారుచేస్తారు. అక్కడ రూటర్ కరెంటు రిలే కదలనప్పుడు కలిసి ఉండే నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు గుండా పోవాలి. బోర్డు చచ్చినా రూటర్ వెలుగుతూనే ఉంటుంది. పంపు సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ బోర్డు చస్తే మోటారు ఆగాలి, అందుకు రిలే కదలనప్పుడు విడిపోయి ఉండే నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు వాడాలి. ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోకుండా రిలేకు తీగలు కలిపేవారు చివరికి ఇంటర్నెట్ పోగొట్టుకుంటారు, లేదా పంపు కాల్చుకుంటారు.

పంపు వైరింగ్‌లో ఇంకాస్త లోతు ఉంది. స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కి వదిలేసినా మోటారు నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ తన కాయిల్‌కు తానే కరెంటు అందించుకునే హోల్డింగ్ కాంటాక్టు ఒకటి అందులో ఉంటుంది. కరెంటు పోతే ఆ పట్టు విడిపోతుంది, మళ్లీ వచ్చినా తనంతట తాను లేవదు. ఆ పాత ఏర్పాటు గొప్ప భద్రత, దాన్ని చెడగొట్టకూడదు. మామూలుగా చేసే పద్ధతి, పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, ఎర్ర బటన్‌కు వరుసలో ఇంకో నార్మల్లీ క్లోజ్డ్ రిలే పెట్టడం. ఇందులో చిక్కేమిటంటే మోటారు నడుస్తుండగా బోర్డు చస్తే ఆపే రిలే కూడా కదలదు, మోటారు నడుస్తూనే ఉంటుంది. దానికి బదులు ఎర్ర బటన్ వరుసలో అనుమతి రిలే పెట్టవచ్చు. బోర్డు బతికి ఉండి దాన్ని పట్టి ఉంచినంతసేపే మోటారు నడుస్తుంది. అప్పుడు బోర్డు పాడైన రోజు చేత్తో నడుపుకోవడానికి లోకల్, రిమోట్ అని రాసిన సెలెక్టర్ స్విచ్ తప్పనిసరి. ఆ స్విచ్ లేని ప్యానెల్‌ను మొదటి వారంలోనే ఊళ్లోవాళ్లు పీకి పక్కన పెడతారు. అందులో వాళ్ల తప్పు లేదు.

చచ్చిన బోర్డుకు ఇది మందు. బిగుసుకున్న బోర్డుకు మందు వాచ్‌డాగ్ టైమర్. ప్రోగ్రాం క్రమంగా ‘బతికే ఉన్నాను’ అని దానికి చెబుతుండాలి, చెప్పడం మానితే అది చిప్‌ను రీసెట్ చేస్తుంది. రీసెట్ అయ్యే ఆ లిప్తపాటులో పిన్‌లు ఏ స్థితిలో ఉంటాయో కూడా చూసుకోవాలి. ఈఎస్‌పీ32లో 0, 2, 12, 15 నంబరు పిన్‌లకు బూట్ సమయంలో వేరే పనులున్నాయి. వాటికి రిలే కలిపితే కరెంటు వచ్చిన ప్రతిసారీ టకటకమని కొట్టుకోవచ్చు. పైగా బజారులో దొరికే రిలే బోర్డుల్లో చాలావాటికి పిన్ సున్నాకు దిగితేనే రిలే లేస్తుంది. కొన్న బోర్డు ఏ రకమో పరీక్షించి రాసుకోవడం అరగంట పని.

ఆదేశం రాసే తీరులోనూ జాగ్రత్త ఉంది. ‘మోటారు వెయ్యి’ అన్నది చెడ్డ ఆదేశం, ‘40 నిమిషాలు నడుపు’ అన్నది మంచిది. రెండోదానిలో ముగింపు కూడా ఉంది. మధ్యలో సిగ్నల్ పోయినా, యజమాని మీటింగ్‌లో మర్చిపోయినా గడువు తీరగానే మోటారు ఆగుతుంది. నీళ్లు పడకపోతే ఆపడం, ఫేజు పోతే ఆపడం లాంటి నిర్ణయాలు ఫోన్ దాకా రాకూడదు. అవి బోర్డులోనే జరగాలి, ఫోన్‌కు కబురు మాత్రం రావాలి.

2023 జూలై 21న నాసా నుంచి వెళ్లిన పొరపాటు ఆదేశంతో వాయేజర్ 2 నౌక యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగింది. దూరం దాదాపు 1,990 కోట్ల కిలోమీటర్లు. మాట తెగిపోయింది. ఆగస్టు 4న ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా దగ్గరున్న భారీ యాంటెన్నాతో బలమైన సంకేతం పంపి దారిలోకి తెచ్చారు. అది విఫలమైనా నాసాకు ఇంకో దారి ఉంది: ఆ నౌక ఏడాదికి కొన్నిసార్లు తనంతట తాను దిశ సరిచేసుకునేలా ముందే ఏర్పాటు చేశారు, తర్వాతి తేదీ అక్టోబరు 15. తోటలోని బోర్డుకు కూడా ఇలాంటి ఏర్పాటు సులువే. పన్నెండు గంటలు బయటి ప్రపంచంతో మాట కలవకపోతే మోడెమ్ కరెంటు తీసి ఇవ్వడం, అప్పటికీ కలవకపోతే తనను తానే రీసెట్ చేసుకోవడం కొద్ది వరుసల ప్రోగ్రాంతో అవుతుంది.

కరెంటు తిరిగొచ్చిన క్షణం గురించి తెలంగాణ రైతులకు బాగా తెలుసు. 2018 జనవరి 1న రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు పంపుసెట్లు దాదాపు 23 లక్షలు. వేళాపాళా లేని కరెంటు కాలంలో బిగించుకున్న ఆటో స్టార్టర్లను తీసేయమని అంతకుముందు నుంచే ప్రభుత్వం ఊరూరా చెప్పింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే లైన్ల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడుతుంది. అవసరం లేకున్నా నడిస్తే భూగర్భజలం తరుగుతుంది. సొంతంగా చేసుకునే పెట్టె మరో ఆటో స్టార్టర్ కాకూడదు. తిరిగి మొదలుపెట్టే వీలు పెట్టుకున్నా, వోల్టేజి కుదుటపడేదాకా ఆగి, ఆపైన కొన్ని నిమిషాలు యాదృచ్ఛికంగా ఆలస్యం చేసి లేచేలా రాయాలి.

కబురు వెళ్లే దారి

ఇంటి ట్యాంకుకైతే వైఫై చాలు. పొలంలో వైఫై ఉండదు కాబట్టి సిమ్ మోడెమ్ దగ్గరికి రావాల్సిందే. చవకగా దొరికే సిమ్800ఎల్ 2జీ మోడెమ్. 2016లో 4జీతోనే మొదలైన జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, ఆ సిమ్ ఇందులో పనిచేయదు. బోరు దగ్గర నిలబడి ఏ కంపెనీ సిగ్నల్ ఎన్ని గీతలు చూపిస్తోందో చూసిన తర్వాతే మోడెమ్ ఎంచుకోవాలి. 2జీ ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేని పరిస్థితిలో ఏ7670 లాంటి 4జీ మోడెమ్ మీద కాస్త ఎక్కువ పెట్టడం మేలు. ఇల్లు పొలానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉండి, మధ్యలో పెద్ద అడ్డంకులు లేకపోతే లోరా రేడియో మరో దారి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీకి సరిపోయే మాడ్యూలే అడిగి తీసుకోవాలి.

సందేశాల భాషగా హాబీ ప్రపంచం ఎక్కువగా వాడేది ఎంక్యూటీటీ. 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్కామ్ సంస్థకు చెందిన ఆర్లెన్ నిప్పర్ దాన్ని చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా గమనించడానికి తయారుచేశారు. లింకు ఖరీదైనది, తరచూ తెగేది. అందుకే పరికరం తన ‘ఆఖరి మాట’ను ముందే సర్వర్ దగ్గర దాచిపెట్టుకునే వీలు అందులో ఉంది. పరికరం చెప్పాపెట్టకుండా మాయమైతే సర్వర్ ఆ మాటను యజమానికి చేరవేస్తుంది. తోట ప్రాజెక్టుకు ఇది తప్పక వాడాల్సిన సదుపాయం. అందులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. రిటెయిన్ గుర్తుతో పంపిన సందేశాన్ని సర్వర్ దాచి ఉంచి, పరికరం ఎప్పుడు కలిసినా మళ్లీ అందిస్తుంది. స్థితి చెప్పే సందేశాలకు ఆ గుర్తు మంచిదే. మోటారు వేయమనే ఆదేశానికి పెడితే, మూడు రోజుల తర్వాత సిగ్నల్ రాగానే అడగని మోటారు లేచి కూర్చుంటుంది. ఆదేశంలో సమయం కూడా రాసి, పాతబడినదాన్ని బోర్డు పారేయాలి. పరీక్షల కోసం అందరికీ తెరిచి ఉంచిన ఉచిత సర్వర్‌ను అసలు పనికి వాడకూడదు, అక్కడ ఎవరి ఆదేశమైనా ఎవరైనా పంపవచ్చు. ఎస్‌ఎంఎస్ పద్ధతి అయితే అనుమతించిన నంబర్ల జాబితాతో పాటు సందేశంలో రహస్య సంకేతం కూడా ఉండాలి.

230 వోల్టుల గీత

నీలం రంగు బుల్లి రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. అది హీటర్ లాంటి సాదా లోడుకు చెప్పిన లెక్క. 1 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, లేచే క్షణంలో అంతకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ మెరుపుకు రిలే కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. ఆ తర్వాత ప్రోగ్రాం ఆఫ్ అన్నా మోటారు వినదు. అందుకని బోర్డు రిలేను కదుపుతుంది, రిలే కాంటాక్టర్ కాయిల్‌ను కదుపుతుంది, కాంటాక్టర్ మోటారును కదుపుతుంది. కాంటాక్టర్ కొనేటప్పుడు ఏసీ-3 కింద రాసిన ఆంపియర్లే చూడాలి, మోటార్లకు వర్తించే లెక్క అదే. ఓవర్‌లోడ్ రిలే దాని పక్కనే ఉండాలి.

కాగితం మీద ఇక్కడ నిజంగానే ఒక గీత గీయాలి. గీతకు ఇవతల 5 వోల్టులు, 12 వోల్టులు, సొంత ప్రయోగాలు. అవతల 230, 415 వోల్టులు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. ఆయన వచ్చే రోజుకు వైరింగ్ బొమ్మ, తీగల మందం, ఎంసీబీ, ఎర్త్ అన్నీ రాసి సిద్ధంగా ఉంచాలి. ఎర్తింగ్‌కు మన దేశంలో ఐఎస్ 3043 ప్రమాణం ఉంది. స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏ పనైనా లైన్‌మన్‌దే. డబ్బాలో కూడా రెండు ప్రపంచాలకూ వేర్వేరు అరలు ఉంటే, అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో తెరిచినవారి చెయ్యి పొరపాటున అటు పోదు.

కరెంటు పోయిందని చెప్పేది ఎవరు?

కరెంటు పోయిన సంగతి చెప్పాల్సిన బోర్డు అదే కరెంటు మీద బతికితే ఆ కబురు ఎప్పటికీ రాదు. బ్యాటరీ లెక్క ముందే వేయాలి. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. బోర్డు, 4జీ మోడెమ్ కలిసి సగటున 1 వాట్ తాగుతాయనుకుంటే కాగితం మీద 84 గంటలు. లెడ్ బ్యాటరీని పూర్తిగా దించకూడదు కాబట్టి సగమే లెక్కలోకి తీసుకోవాలి. 42 గంటలు, అంటే ఒకటిన్నర రోజుకు పైగా. గాలివానకు స్తంభాలు ఒరిగే ఊరికి ఇది చాలుతుందో లేదో యజమానే తేల్చుకోవాలి.

సగటుతో పాటు శిఖరాన్నీ చూడాలి. ఈఎస్‌పీ32 వైఫైలో పంపే క్షణంలో 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. సిమ్800ఎల్ అయితే క్షణకాలం 2 ఆంపియర్ల దాకా పోతుంది, దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యే కావాలి. మోడెమ్ పదేపదే రీసెట్ అవుతుంటే మొదట అనుమానించాల్సింది సిగ్నల్‌ను కాదు, సన్నటి తీగలను, చాలని పవర్ సప్లైని.

పొలానికి వెళ్లేముందు

మోటారు బదులు ఒక బల్బు పెట్టి, కావాలని చెడగొట్టే పరీక్షలు ఇంట్లోనే చేయాలి. యాంటెన్నా పీకాలి. రూటర్ ఆపాలి. కరెంటును టకటకా పదిసార్లు తీసి పెట్టాలి. సెన్సర్ తీగ ఊడదీసి, సున్నాను బోర్డు నిజమని నమ్ముతోందో, అనుమానిస్తోందో చూడాలి. ప్రోగ్రాంలో అంతులేని లూప్ ఒకటి రాసి వాచ్‌డాగ్ లేస్తుందో లేదో గమనించాలి. నెట్ లేని సమయంలో ఆదేశం పంపి, గంట తర్వాత నెట్ ఇచ్చి బల్బు వెలిగిందేమో చూడాలి. ప్రతి పరీక్ష పక్కన జరగాల్సింది ఒక గడిలో, జరిగింది ఇంకో గడిలో రాయాలి. రెండూ కలిసేదాకా డబ్బా ఇల్లు కదలకూడదు.

ఖర్చు పట్టికలో డబ్బా, కేబుల్ గ్లాండ్లు, ఎంసీబీ, కాంటాక్టర్, సర్జ్ రక్షణ, బ్యాటరీ ముందు రాసి, బోర్డును ఆఖరున రాయాలి. చాలా ప్రాజెక్టుల్లో బోర్డు ఖరీదే అన్నిటికంటే చిన్న అంకెగా తేలుతుంది. ఏటా సిమ్ రీచార్జికి పెట్టాల్సిన డబ్బు, దాని తేదీ కూడా అదే పట్టికలో ఉండాలి. రీచార్జి మర్చిపోయి ఆగిన పరికరాన్ని బాగుచేయడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఊరికి బయల్దేరేవాళ్లు తక్కువేమీ కాదు.

డబ్బా తలుపు లోపలివైపు ప్లాస్టిక్ కవర్లో ఒక తెలుగు కాగితం అతికించాలి. సెలెక్టర్ స్విచ్‌ను లోకల్‌కు ఎలా తిప్పాలి, ఏ ఫ్యూజు దేనిది, ఏ లైటు వెలిగితే ఏమిటర్థం, లోపల ఏ నంబరు సిమ్ ఉంది, ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరు ఎంత – ఇవన్నీ అందులో ఉండాలి. తయారుచేసిన మనిషి ఊళ్లో లేని రోజున తోట చూసుకునే పాలేరు ఆ కాగితం చదివి, ఎవరినీ అడగకుండా మోటారు వేయగలడో లేదో బిగించిన రోజే ఒకసారి చేయించి చూడాలి. గ్రాఫులు, కెమెరా, నేల తేమ సెన్సర్ లాంటి కోరికలన్నీ వేరే కాగితం మీదికి ఎక్కించి, తొలి పెట్టె ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా పనిచేసిన తర్వాతే ఆ రెండో కాగితం తెరవాలి.